పసివారి చేతులు

ఉదయమున నిద్ర మేల్కొనగానే అరచేతులు చూచుకొనవలెనని మన పెద్దలు నేర్పిరి. ముఖము చూచుకొనుడని వారు చెప్పలేదు. ఆ దినమున మనము చేయదగిన పనియంతయు ఆ రెండు చేతులయందే యున్నదని వారి భావము కాబోలును. అయినను పనిలో మునిగిన పిదప మనము చేతులను గూర్చి తలంచుటయే లేదు. చిటికెడు ఉప్పు వేయునప్పుడు బొటనవ్రేలు చూపుడువ్రేలిని తాకును. చెంబు పట్టునప్పుడు అయిదు వ్రేళ్లును చుట్టుకొనును. తాళపుచెవి త్రిప్పునప్పుడు బొటనవ్రేలు చూపుడువ్రేలి ప్రక్కను అదుముకొనును. ఇవి మూడును మూడు వేఱువేఱు పట్లు. వీనిని మనకు ఎవరును నేర్పినట్లు జ్ఞాపకము లేదు. ఈ పట్లు అలవోకగా పట్టుబడని బిడ్డ యింట జన్మించినప్పుడు గాని వీని విలువ మనకు తెలియదు.

అట్టి బిడ్డ మా యింట జన్మించినది. మా మఱది కూతురు కుడిచేతి నడిమివ్రేలును ఉంగరపు వ్రేలును గోళ్లవఱకును కలిసికొనియుండగా భూమిమీద పడినది. ఎముకలు వేఱుగానే యున్నవి. చర్మము మాత్రము ఒకటియై యుండెను. ఇట్టి బిడ్డలు సుమారు 2000 మొదలు 3000 కాన్పులకు ఒకరు చొప్పున లోకమంతటను పుట్టుచున్నారనియు, కలిసికొన్న వ్రేళ్లలో ఈ రెండు వ్రేళ్ల కలయికయే యెక్కువగా కానవచ్చుననియు తరువాత తెలిసికొంటిమి. నాడు మాత్రము పురిటి గదిలో ఎవరికిని ఈ లెక్కలతో పని లేకపోయెను. “కడుపుతో నున్నప్పుడు గ్రహణమునాడు ఈమె కత్తిపీట ముట్టినది” అని ఒకరు. “కదలక పడుకొనుమన్న వినలేదు” అని మఱియొకరు. మా అత్తగారు నోట ఏమియు ననలేదు గాని నెలవఱకును బిడ్డకు పొడుగు చేతుల చొక్కాయే తొడిగించిరి. మా తోడికోడలు పాలిచ్చునప్పుడు కూడ ఆ చేతిని కొంగు క్రిందనే దాచుచుండెను.

మన దేశమున పెదవి చీలి పుట్టుటకు గ్రహణపు మొఱ్ఱి యనియే పేరు. పేరులోనే తల్లిమీద నింద యున్నది. ఆఱవ వ్రేలితో పుట్టిన బిడ్డను అదృష్టవంతుడందుము. వ్రేళ్లు కలిసి పుట్టిన బిడ్డ తల్లిని పాపాత్మురాలందుము. రెండును గర్భమున ఒకే కాలమున జరిగిన పనులే యని తెలిసినచో ఇట్లనము.

సంగతి యిది. గర్భము నిలిచిన నాలుగవ వారమున శిశువునకు చేయి చిన్న మొగ్గవలె పొడచూపును. తరువాత అది తెడ్డువలె చదునగును. ఆ తెడ్డునందే వ్రేళ్లు రేఖలుగా ఏర్పడును. పిమ్మట వ్రేళ్ల నడుమనున్న కణములు తమంతట తామే నశించి సందులు విడివడును. ఎనిమిదవ వారము ముగియునప్పటికి ఈ పనియంతయు ముగిసిపోవును. కొల్లేటి బాతుల కాలివ్రేళ్ల నడుమ పొర నిలిచియుండుట ఆ కణములు నశింపకపోవుటచేతనే. బాతునకు అది ఈతకు ఆధారము. మన బిడ్డకు అదియే చిక్కు. కొన్ని వంశములందు ఈ లక్షణము తరతరముగా వచ్చును. పెక్కుచోట్ల ఏ కారణమును కానరాదు.

ఇక మా తోడికోడలు విషయము. ఆమెకు గ్రహణము పట్టినది ఏడవ నెలలో. బిడ్డ వ్రేళ్లు ఏర్పడుటయో, రెండవ నెలతో సరి. జరిగిపోయిన పనిని అయిదు నెలల తరువాతి గ్రహణము వెనుకకు వచ్చి చెఱుపజాలునా? మేము ఈ లెక్కను వ్రేళ్లమీద ఎంచి మా అత్తగారికి చెప్పితిమి. ఆమె చాలసేపు ఊరకుండి, “అట్లయిన దీని తప్పేమియు లేదన్నమాట” అనిరి. ఆ మాట లోపలి గదిలోనున్న మా తోడికోడలి చెవిని బడినది. మఱునాటినుండి చొక్కా చేతులు పొట్టివయ్యెను.

మా తండ్రిగారు మాకు ఇంటివద్దనే భారత భాగవతములు చెప్పిరి. ఆదిపర్వములోని అనూరుని కథ నాడు మాకు వింతగా మాత్రము తోచినది. వినత తొందరపడి గుడ్డును పగులగొట్టగా తొడలు లేక జన్మించిన ఆ బిడ్డడు సూర్యునకు సారథి యయ్యెను. కథలో తల్లి తొందర కలదు కాబట్టి నింద కలదు. మన తల్లులు ఏ గుడ్డును పగులగొట్టలేదు. కావున ఆ కథనుండి మనము గ్రహింపవలసినది వెనుకటి భాగమును మాత్రమే: తొడలు లేనివానికి పగ్గములు పట్టు పని చాలినది, లోకమునకు ప్రొద్దు పొడుచుట ఆగలేదు.

విజయవాడలో శస్త్రవైద్యునికి చూపగా ఆయన వెంటనే కత్తి పట్టలేదు. బిడ్డకు ఏడాది దాటినపిమ్మట రమ్మనిరి. బొటనవ్రేలును చూపుడువ్రేలును, లేక ఉంగరపు వ్రేలును చిటికెనవ్రేలును కలిసినచో ముందుగానే విడదీయుదురట; ఏలయనగా ఆ జంటలలో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి యగుటచే పెరుగుకొలది పొడుగుది వంకరపోవును. నడిమివ్రేలు, ఉంగరపు వ్రేలు పొడవున దగ్గఱ దగ్గఱగా నుండును గనుక ఒకటి రెండేండ్ల నడుమ చేయవచ్చును. అప్పటికి చేయి కొంత పెద్దదగును, మత్తుమందును బిడ్డ తట్టుకొనును. అంతకన్న ఆలస్యము చేసినచో బిడ్డ తన చేతి వాడుకను వేఱొక తీరున అలవఱచుకొనును.

“కత్తెరతో గుడ్డ చింపినట్లు నడుమ కోయుటయే గదా, దీనికింత తతంగమేల?” అని మా ఊరిలో పలువురు అడిగిరి. అట్లు తిన్నగా కోసినచో మానిన మచ్చ త్రాడువలె బిగిసి వ్రేలిని వంచివేయును. అందుచే అటునిటు మలుపులుగా, ముగ్గులోని మెలికలవలె, కోయుదురు. మఱియొక చిక్కు కలదు. రెండు వ్రేళ్లకు కలిపి యున్న చర్మము వేఱుపడిన రెండు వ్రేళ్లచుట్టును కప్పుటకు చాలదు. కొఱవడిన చోట గజ్జభాగమునుండియో మోచేతి మడతనుండియో చర్మపు ముక్క తీసి అతుకుదురు.

మైలవరము చుట్టునున్న మామిడితోటలలో అంటు కట్టుట చూడని ఆడుది లేదు గదా! అంటుకొమ్మ మొదటి దినములలో కదలరాదు. కదలినచో మొదటినుండి వచ్చు రసము దానికి అందక ఎండిపోవును. చర్మపు ముక్కయు అట్టిదే. మొదటి దినములందు క్రిందినుండి ఊరునదియే దానికి ఆహారము; పిదప నెత్తుటి నాళములు దానిలోనికి ప్రాకును. కదలినను, క్రింద నెత్తురు గూడుకొన్నను ముక్క చచ్చిపోవును. అందుకే ఒక చిన్న వ్రేలిసందుకు ఆపరేషను చేసి మోచేతికి పైవఱకును కట్టు కట్టిరి. పసిబిడ్డలు చిన్న కట్టునుండి చేయి లాగికొనుటలో మిక్కిలి నేర్పరులు.

వైద్యుడు చెప్పిన ఇంకొక నియమము కూడ సోదరీమణులు గుర్తుంచుకొనదగినది. మూడు నాలుగు వ్రేళ్లు కలిసియున్నప్పుడు ఒక వ్రేలికి రెండు ప్రక్కలను ఒకే సారి కోయరు. రెండు ప్రక్కల నాళములకును దెబ్బ తగిలినచో ఆ వ్రేలికి నెత్తురందదు. కావున కొందఱు బిడ్డలకు రెండు మూడు సారులు ఆపరేషను కావలసియుండును. అది వైద్యుని చేతకానితనము కాదు, ఆయన జాగ్రత్త.

మూడు వారములకు కట్టు విప్పిరి. విడివడిన రెండు వ్రేళ్లను చూచి ఇంటిల్లిపాదియు పండుగ చేసికొనిరి. అసలు పని అప్పుడే మొదలయ్యెనని మాకు తెలిసినది భోజనమువేళ. చేయి కలిసియున్నప్పుడు బిడ్డ చారన్నము చక్కగా నోట పెట్టుకొనుచుండెడిది. ఇప్పుడు చారంతయు క్రొత్త సందుగుండ మోచేతిదాక కారిపోవుచుండెను. బిడ్డ తన చేతిని వింతగా చూచుకొని బావురుమన్నది. వ్రేళ్లను విడదీయుట వైద్యుని పని. విడివడిన వ్రేళ్లను కావలసినప్పుడు దగ్గఱకు చేర్చుట బిడ్డ నేర్వవలసిన పని. కొంతకాలము ఆ రెండు వ్రేళ్లును పాత అలవాటుచొప్పున కవలలవలె కలిసియే వంగుచుండెను.

పాశ్చాత్య దేశములలో ఆపరేషను తరువాత చేతిపనిని కొలుచుటకు పరీక్షలు కలవు. పిడికిలి బిగింపును యంత్రముతో తూచుదురు. చిన్న పుల్లలను రంధ్రములలో గ్రుచ్చించి ఎంతసేపు పట్టినదో చూతురు. చెక్క దిమ్మలను ఒక పెట్టెలోనుండి వేఱొక పెట్టెలోనికి నిమిషములో ఎన్ని మార్చునో లెక్కింతురు. ఇవి మంచివే. ఐనను మన యింటి పరీక్షలు మనకున్నవి. పప్పన్నము కలిపి ముద్ద చేసి క్రింద పడకుండ నోటికి చేర్చుట ఎంత గొప్ప పనియో ఆలోచింపుడు! వ్రేళ్లు వంగవలెను, చేరవలెను, విడివడవలెను, వేడిని గ్రహింపవలెను. బొటనవ్రేలు వెనుకనుండి నెట్టవలెను. చెంచాతో తిను దేశములలో ఈ పరీక్ష లేదు.

చేతికి శిక్షణ నేర్పు వైద్యురాలు మాకు చెప్పిన దానిలో సగము మన ఆటలే. గుజ్జనగూళ్లు వండుకొనుట, పిండి పిసుకుట, చింతగింజలతో వామనగుంటలాడుట, అచ్చనగాయలు ఎగురవేసి పట్టుట, పూసలు గ్రుచ్చుట. ఆటలో చేయి పదిసారులు చేయు పనిని బలవంతపు వ్యాయామమున ఒక్కసారియు చేయదు. మచ్చ పూర్తిగా మానిన తరువాత దినమునకు నాలుగైదు సారులు మెత్తని నూనెతో మర్దనము చేయుమనిరి. మచ్చ మొదట ఎఱ్ఱగా గట్టిగా నుండి, మెత్తబడుటకు ఏడాది పట్టును. అంతవఱకును ఓపిక కావలెను. రాత్రివేళ వ్రేళ్లు వంగిపోకుండ కట్టు బద్ద యొకటి యిచ్చిరి. దానిని తొడుగునప్పుడు బిడ్డ చేయు గోలకు మా మఱది వీథిలోనికి పోవుచుండెను. తొడిగినది మా తోడికోడలే.

ఇంతవఱకు కలిసిన వ్రేళ్ల మాట. లేని వ్రేలి మాట ఇంకొకటి. మా వారు ఉపాధ్యాయులు. వారి తరగతిలో ఎడమచేతికి బొటనవ్రేలు లేక పుట్టిన బాలుడొకడు చేరెను. చేతిపనిలో నూటికి 40 పాళ్లు బొటనవ్రేలిదే యని శస్త్రవైద్యులు లెక్కింతురు. ఏకలవ్యుని కథ మనకు తెలియనిదా! బొటనవ్రేలు ఇచ్చిన పిదపను అతడు మిగిలిన వ్రేళ్లతో బాణము వేసెను గాని పూర్వపు లాఘవము రాలేదు. ఈ బాలునికి మూడేండ్లు నిండకమునుపే చూపుడువ్రేలిని బొటనవ్రేలిగా మార్చిరి. కోసి అతుకుట కాదు. చూపుడువ్రేలిని దాని నెత్తుటి నాళములతోను నరములతోను కూడ నిలుపుకొని, ఎముకను పొట్టిచేసి, త్రిప్పి, తక్కిన వ్రేళ్లకు ఎదురుగా నిలబెట్టుదురు. వ్రేళ్ల సంఖ్య పెరుగదు. నాలుగు వ్రేళ్లే యుండును. కాని చేతికి పట్టు వచ్చును.

ఈ విద్య యింత చక్కబడుటకు వెనుక ఒక దుఃఖము కలదు. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అను మందును విక్రయింప మొదలిడిరి. గర్భిణులు వేవిళ్లకు దానిని పుచ్చుకొనిరి. 1961 చివర దానిని అంగళ్లనుండి తొలగించునప్పటికి చేతులు కాళ్లు సరిగా నేర్పడని బిడ్డలు వేలకొలది జన్మించియుండిరి. హాంబుర్గు నగరమున డీటర్ బుక్-గ్రామ్కో అను శస్త్రవైద్యుడు అట్టి బిడ్డల చేతులను బాగుచేయుచు ఈ పద్ధతిని తీర్చిదిద్ది, 1971లో దాని ఫలితములను ప్రకటించెను. గర్భిణి వైద్యుని అడుగక ఏ మాత్రయు మ్రింగరాదను నియమము నేడు ఇంత గట్టిగా పాటింపబడుటకు ఆ బిడ్డలే కారణము. గ్రహణమునాడు కత్తిపీటకు భయపడు మనము తెలియని మాత్రకు భయపడినచో మేలు.

మన ప్రాంతమునకు దగ్గఱలోను ఈ విద్య వర్ధిల్లినది. వెల్లూరు క్రైస్తవ వైద్యశాలకు 1946లో వచ్చిన పాల్ బ్రాండ్ అను వైద్యుడు కుష్ఠరోగముచే ముడుచుకొన్న వ్రేళ్లకు స్నాయువులను మార్చి కట్టి వానికి తిరిగి పని కల్పించెను. చేతికి ఆపరేషను చేసిన చాలదు, ఆ చేతితో బ్రదుకుటకు శిక్షణ కూడ ఈయవలెనని ఆయన చూపిన దారి బిడ్డల చేతులకును వర్తించును.

మా వారి తరగతి బాలునకు క్రొత్త బొటనవ్రేలు సన్నముగా, కొంచెము పొడుగుగా నుండును. దాని బలము సహజమైన బొటనవ్రేలి బలమున కొంత భాగమే. సీసా మూత గట్టిగా నున్నచో త్రిప్పలేడు. కాని చొక్కా బొత్తాములు పెట్టుకొనును, గాలిపటము దారము చుట్టును, కాగితమును అదిమిపట్టి రెండవ చేత వ్రాయును. ఒకనాడు తరగతిలో కూడికలు వ్రేళ్లమీద చేయుమనగా వాడు తొమ్మిదివఱకు లెక్కించి ఆగిపోయెను. ప్రక్కవాడు నవ్వెను. మా వారు ఏమియు అనక, “నాయనలారా, మన తాతలు లెక్కించినట్లు కణుపులమీద లెక్కింపుడు” అని అందఱకును చూపిరి. బొటనవ్రేలితో తక్కిన వ్రేళ్ల కణుపులను తాకుచు లెక్కించుట మన జపపు లెక్క. కుడిచేతి నాలుగు వ్రేళ్లకును కలిపి పండ్రెండు కణుపులు. వాడికి లోటు లేకపోయెను. తక్కిన పిల్లలకు రెండు అంకెలు లాభించెను.

ఇచ్చట తల్లులకు ఒక హెచ్చరిక. బొటనవ్రేలు గాని, ముంజేతి ఆ వైపు ఎముక గాని లోపించిన బిడ్డకు గుండె, మూత్రపిండములు, నెత్తురు కూడ పరీక్ష చేయింపవలెను. చేయి కంటికి కనబడును. లోపలి లోపము కనబడదు. మఱియొకటి: ఆఱవ వ్రేలు సన్నగా వ్రేలాడుచున్నదని దారముతో బిగించి కట్టు ఆచారము పల్లెలలో నేటికిని కలదు. అది చీముపట్టవచ్చును, మొలక మిగిలిపోవచ్చును. ఆ పని వైద్యునికే వదలుడు.

ఇంక అందమును గూర్చి. బిడ్డ ఆడపిల్ల యగుటచే మా యింట ఈ మాట పలుమాఱులు వచ్చినది. కొందఱు బిడ్డలకు ముంజేయి లోపలికి వంగి కొంకివలె నుండును. దానిని తిన్నగా చేయు ఆపరేషను కలదు. కాని మోచేయి వంగని బిడ్డకు ఆ ఆపరేషను చేయుటకు వైద్యులు జంకుదురు. ఏలయనగా మోచేయి వంగనప్పుడు, ఆ వంగిన మణికట్టుచేతనే బిడ్డ నోటికి ముద్ద అందించుకొనుచున్నది. దానిని తిన్నగా చేసినచో చేయి చూచువారికి అందముగా నుండును. బిడ్డ నోటికి మాత్రము అందదు. ఈ సంగతి వినినప్పటినుండి మేము ఏ బిడ్డ చేతిని చూచినను “ఇది ఎట్లున్నది?” అని గాక “ఇది ఏమి చేయుచున్నది?” అని అడుగుట అలవాటు చేసికొంటిమి. పుట్టుకతో వ్రేళ్లు చాల పొట్టివైన బిడ్డలు కొందఱు ఏ ఆపరేషనును లేకయే పనులన్నియు చేసికొందురు. కృత్రిమ హస్తము తొడిగినను దానికి స్పర్శ లేదు గనుక పెక్కుమంది పిల్లలు దానిని ప్రక్కన పెట్టి తమ పొట్టి చేతినే వాడుకొందురు.

మా చిన్నదానికి అయిదేండ్లు నిండినప్పుడు వ్రేళ్లసందు కొంచెము పైకి ప్రాకినట్లు కనబడెను. బిడ్డ పెరిగినంత వేగముగా మచ్చ పెరుగదు కావున ఇట్లగుట కలదని ముందే వైద్యులు చెప్పియుండిరి. ఎక్కువైనచో మరల ఆపరేషను చేయవలసియుండును. మా అత్తగారు, “ఆడపిల్ల, రేపు పెండ్లిచూపులలో నలుగురును చేయి చూతురు, ఇప్పుడే చేయింపుడు” అనిరి. మా తోడికోడలు, “మరల ఆ మత్తుమందు, ఆ కట్టు, నా వల్ల కాదు అక్కయ్యా” అని మా భుజముమీద వాలి యేడ్చెను. ఇద్దఱి మాటయందును ప్రేమయే కలదు.

వైద్యుడు చేతిని చూచి, “ఈ బిడ్డ చేయలేని పని యేది?” అని అడిగిరి. ఎవరికిని వెంటనే తోచలేదు. వారము దినములు గమనించి వ్రాసికొని రండనిరి. ఆ వారమంతయు మా తోడికోడలు కాగితము పట్టుకొని కూతురి వెంట తిరిగినది. జడరిబ్బను ముడి వేయగలదు. పలకబలపము పట్టగలదు. సన్నజాజులు మాల కట్టగలదు. తక్కినవారికన్న కొంచెము ఆలస్యము. చారన్నము కారదు. ముగ్గు గీతలు వంకర. అవి అందఱి పిల్లలవియు వంకరయే. ఆ కాగితము చూచి వైద్యుడు, ఇప్పుడు అక్కఱలేదనియు, ఎదుగుదల ముగియువఱకును ఏటేట చూపుడనియు, పని చెడినప్పుడు చేయుదమనియు చెప్పిరి. తల్లి తన భయముచే ఆపలేదు, అవ్వ తన భయముచే తొందరపెట్టలేదు. కూతురి చేయియే తీర్పు చెప్పినది.

ఆషాఢమాసమున గోరింటాకు పెట్టితిమి. అతికిన చర్మము గజ్జనుండి తెచ్చినది గనుక అరచేతి చర్మమువలె దళసరి కాదు. అచ్చట ఎఱ్ఱగా పండదు. “దొడ్డమ్మా, ఇక్కడ పండలేదేమి?” అని బిడ్డ అడిగెను. మా తోడికోడలి ముఖము మాఱినది. మేము, “ఆ చర్మము నీ పొత్తికడుపు దగ్గఱనుండి వచ్చి యిచ్చట పనిచేయుచున్నది తల్లీ, క్రొత్తగా వచ్చినదానికి ఊరి వన్నె వెంటనే వచ్చునా?” అంటిమి. బిడ్డ ఆ మాటకు మిక్కిలి సంతోషించి, వీథిలోని పిల్లలందఱకును తానే చేయి చాచి ఆ కథ చెప్పినది. అడిగిన ప్రశ్నకు దాచక బదులు చెప్పినచో బిడ్డ దాచుకొనుట నేర్వదు. దాచుట మొదట తల్లి చేయును. పిదప బిడ్డ చేయును.

ఇక కొన్ని ఉపయోగకరమైన సంగతులు. 2013లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందములు అంగన్‌వాడీలకును పాఠశాలలకును వచ్చి బిడ్డలను పరీక్షింతురు. ఆ కార్యక్రమము పేర్కొన్న తొమ్మిది జనన లోపములలో గ్రహణపు మొఱ్ఱియు వంకర పాదమును కలవు గాని చేతివ్రేళ్ల పేరు ప్రత్యేకముగా లేదు. కావున వారు చూతురులే యని ఊరకుండక తల్లి తానే చేయి చూపి అడుగవలెను. మన రాష్ట్రమున 2007లో ఆరోగ్యశ్రీ పేర మొదలై నేడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ యనబడు పథకమునందు మీ బిడ్డకు కావలసిన చికిత్స చేరునో లేదో ఆస్పత్రిలోని పథకపు ఉద్యోగిని ముందుగానే అడుగుడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము నూటికి 40 పాళ్లు, అంతకు మించి లోపమున్నట్లు ధ్రువపత్రము పొందినవారికి చదువునందును ఉద్యోగమునందును ప్రత్యేక సౌకర్యములు కలవు. వ్రాయుట కష్టమైనవారికి పరీక్షలలో అదనపు కాలమును లభించును.

ఆపరేషను ఎవరు చేయుదురని అడుగుటతో సరిపెట్టక, తరువాతి శిక్షణ ఎచ్చట, ఎవరు, ఎన్ని నెలలు ఇత్తురని కూడ అడుగుడు. కత్తి పని రెండు మూడు గంటలు. చేతి చదువు ఏండ్లు. ఆ చదువునకు గురువు తల్లియే. కాని ఒక్క తల్లిమీదనే ఆ బరువు వేయరాదు. బద్ద తొడుగునప్పుడు తండ్రి వీథిలోనికి పోరాదు. అవ్వ వామనగుంటలకు కూర్చుండవలెను. పాఠశాలలో ఉపాధ్యాయుడు వ్రాత ఆలస్యమైనచో కోపింపరాదు; “నీ చేయి చూపుము” అని పదిమందిలో పిలువరాదు.

పరదేశములందు ఈ బిడ్డల చేతులను పూర్వము “వికృతి” యని యర్థమిచ్చు మాటతో పిలిచెడివారు. నేడు “భేదము” అని యర్థమిచ్చు మాట వాడుచున్నారు. మన ప్రభుత్వమును “విభిన్న ప్రతిభావంతులు” అను మాట వాడుచున్నది. మాట మార్చినంతమాత్రమున చేయి మాఱదని కొందఱు పరిహసింతురు. నిజమే. కాని గ్రహణమను ఒక్క మాట ఎందఱు తల్లుల చేత బిడ్డల చేతులను కొంగు క్రింద దాచించినదో చూచినవారము గనుక, మాటకు బలము లేదని మేము ఒప్పుకొనజాలము.

సోదరీమణులారా! మీ వీథిలో ఇట్టి బిడ్డ జన్మించినచో పురుడు చూడబోవునప్పుడు గ్రహణము మాట యెత్తకుడు. బిడ్డ చేతిని మీ చేతిలోనికి తీసికొనుడు. వైద్యునికి చూపినారా యని అడుగుడు. చూపనిచో, వెంట పోవుటకు తోడు కావలెనా యని అడుగుడు. బాలింతకు ఆ దినమున అంతకు మించిన పథ్యము లేదు.